పెన్సిల్వేనియా దగ్గర, పంచాయతీ దూరం

2024 నవంబరు 6. రాజమహేంద్రవరం కోటగుమ్మం దాపున నేను రోజూ ఆగే టీ కొట్టులో ఆ మధ్యాహ్నం కూర్చోవడానికి చోటు లేదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వెలువడుతున్నాయి. విశ్రాంత ఉద్యోగి ఒకాయన దినపత్రిక అంచు మీద కలంతో లెక్కలు వేస్తున్నారు. పెన్సిల్వేనియాకు 19 ఓట్లు, జార్జియాకు 16, మొత్తం 270 వస్తే గెలుపు. మిషిగన్‌లో అరబ్బు ముస్లింలు డెమొక్రాట్లకు ఎందుకు దూరమయ్యారో మరొకాయన వివరిస్తున్నారు. వివరణ సరిగానే ఉంది. నేనూ రెండు మాటలు కలిపాను. అరగంట గడిచాక, ఎందుకు అడగాలనిపించిందో గాని, అడిగాను: "మన డివిజన్ కార్పొరేటర్ ఎవరండీ?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన పదేళ్ల కిందటి పేరు ఒకటి గుర్తుచేసుకున్నారు. ఇంకొకాయన "ఇప్పుడు ఎవరూ లేరేమోనండీ" అన్నారు. ఆయన మాటే నిజం. ఈ నగరపాలక సంస్థకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2014లో. ఆ పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలోని అనేక పట్టణాలకు ఎన్నికలు జరిగినప్పుడు కూడా రాజమహేంద్రవరానికి ఆ అవకాశం రాలేదు. గోదావరికి ఆవలి వైపున భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం పురపాలక సంఘాలదీ అదే పరిస్థితి. సమీప గ్రామాల విలీనం, వార్డుల విభజన, కోర్టు వ్యాజ్యాలు అంటూ కారణాలు అనేకం. ఆ బల్ల దగ్గర కూర్చున్న మాకు అమెరికాలోని ఏడు ఊగిసలాట రాష్ట్రాల పేర్లు కంఠస్థం. మా మురుగు కాలువ గురించి అడిగేందుకు ఎన్నికైన మనిషి లేడన్న సంగతి మాత్రం ఒకరు అడిగితే గాని స్ఫురించలేదు.

ఇలాంటి సన్నివేశం చెప్పగానే మనకు అలవాటైన తీర్పు ఒకటి ఉంది: 'మనవాళ్లకు పొరుగింటి పుల్లకూర రుచి.' ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఎందుకంటే ఇక్కడి జనానికి ఎన్నికల మీద ఆసక్తి లేదన్నది వాస్తవం కాదు. 2024 సార్వత్రిక ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగ్ నమోదైంది. అదే ఏడాది అమెరికాలో ఓటు వేసినవారు అర్హుల్లో సుమారు 64 శాతం. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చి ఓటు వేసి వెళ్లిన జనం మనది. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. ఇంత శ్రద్ధగా ఓటు వేసే సమాజం తన ఎన్నికల గురించి నలుగురిలో ఎందుకు మాట్లాడదు? దూరదేశపు ఎన్నికల గురించి మాత్రం ఎందుకంత స్వేచ్ఛగా మాట్లాడుతుంది?

మొదటి సమాధానం స్వప్రయోజనం. ఇది సహజమైనది, న్యాయమైనది కూడా. 2025 ఆగస్టు 27 నుంచి భారతీయ సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తగిలింది. మన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే ఇక్కడ కౌంటు ధర పడిపోతుంది. అలాగే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి డెల్టాలో ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరలేదు. కొడుకో కోడలో అక్కడ ఉన్నప్పుడు అమెరికా రాజకీయం విదేశీ రాజకీయం కాదు, ఇంటి విషయమే.

అయితే ఈ 'ఇల్లు' ఎవరిది? డెల్టా నుంచి విదేశాలకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి అమెరికా దారి. ముందు బ్రాహ్మణులు, తర్వాత కాలువ కింద భూమి ఉన్న కమ్మ, రాజు, కాపు కుటుంబాలు ఇంజనీరింగ్ కళాశాలల మీదుగా ఆ దారి పట్టాయి. రెండోది గల్ఫ్ దారి. కువైట్, మస్కట్, దుబాయి ఇళ్లలో వంటకూ పిల్లల పెంపకానికీ వెళ్లిన స్త్రీలలో మాల, మాదిగ, శెట్టిబలిజ తదితర కులాల వారే ఎక్కువ. అటూ ఇటూ మినహాయింపులు లేకపోలేదు. కాని దారి ఏదన్నది చాలావరకు కాటన్ ఆనకట్ట నీళ్లు ఎవరి పొలానికి పారాయన్నదాన్ని బట్టే నిర్ణయమైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని సిరి భూమి ఉన్నవారికి దక్కింది. భూమి లేనివారు ఓడ ఎక్కి 'రంగం' వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదుగానే బర్మాలో తెలుగువాణ్ణి కోరంగి అని పిలిచారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగినప్పుడు, 1942లో లక్షలాది మంది భారతీయులు బర్మా విడిచి నడిచి వచ్చినప్పుడు, ఆ దేశపు రాజకీయం మన పేటలకు చావుబతుకుల విషయమైంది. విదేశీ రాజకీయాన్ని చెవి ఒగ్గి వినడం మన పేటలకు నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు.

కాని ఏ విదేశం వార్త అవుతుంది? 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 45 మంది భారతీయులు మరణించారు. మృతుల్లో గోదావరి ప్రాంతం వారూ ఉన్నారు. శవపేటికలు వచ్చిన రెండు మూడు రోజుల తర్వాత ఆ వార్త ఆగిపోయింది. నెల తిరిగేసరికి, జూలై 15న, జె.డి. వాన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ట్రంప్ ప్రకటించారు. ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది తణుకు దాపున ఉన్న వడ్లూరు. అప్పటి నుంచి నవంబరు దాకా వడ్లూరు వార్తల్లో నిలిచింది. గుళ్లో పూజలు జరిగాయి, కెమెరాలు వచ్చాయి. ఆమె పుట్టింది కాలిఫోర్నియాలో. 2025 ఏప్రిల్‌లో ఆ దంపతులు భారతదేశం వచ్చి ఢిల్లీ, జయపుర, ఆగ్రా చూసి వెళ్లారు, గోదావరి దాకా రాలేదు. ఒక ఊరు తన మూలాలున్న మనిషిని చూసి సంతోషించడంలో తప్పేమీ లేదు. ఆ పల్లెను నేను ఎగతాళి చేయడం లేదు. నాకున్న సందేహం ఒక్కటే. మంగాఫ్‌లో కాలిపోయిన వాళ్లు పుట్టింది ఈ గడ్డ మీద, డబ్బు పంపింది ఈ గడ్డకు. వారిని 'మనవాళ్లు' అనడానికి మూడు రోజులే పట్టిన మన నాలుక, ఉషను 'మన అమ్మాయి' అనడానికి ఎందుకు అలసిపోలేదు? కమలా హ్యారిస్ విషయంలోనూ ఇంతే. ఆమె తల్లి వైపు తమిళ బ్రాహ్మణ మూలాలు మనకు బాగా గుర్తున్నాయి. ఆమె తండ్రి జమైకా నల్లజాతీయుడన్న మాట మన టీ కొట్టులో ఎంతమంది ఎత్తారు? విదేశీ రాజకీయాన్ని చూస్తున్నామనుకుంటాం గాని, చాలాసార్లు అక్కడా మన కులాన్నే వెతుక్కుంటున్నాం.

రెండో సమాధానం భయం. ట్రంప్‌ను తిట్టినందుకు కోటగుమ్మంలో ఎవరికీ నష్టం జరగదు. కౌలు పోదు, పింఛను ఆగదు, కాలువ తూము మూయరు. సర్పంచిని గురించి, వార్డు పెద్దను గురించి, శాసనసభ్యుడి బావమరిదిని గురించి మాట్లాడితే ఆ మాట సాయంత్రానికి చేరవలసిన చోటికి చేరుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ బల్ల మీద కూర్చున్న వాళ్ల ఇంటిపేర్లు నాకు తెలుసు, నా ఇంటిపేరు వాళ్లకు తెలుసు. నేను స్థానిక నాయకుడొకరిని విమర్శిస్తే ఆ విమర్శలో ఏముందో ఎవరూ వినరు. 'వీళ్లవాళ్లు అలాగే అంటారు' అనుకుంటారు. ఆయనను మెచ్చుకుంటే 'ఎంత ముట్టిందో' అనుకుంటారు. కమలా హ్యారిస్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే, ఆ బల్ల మీద నేను ఇంటిపేరు లేని మనిషిని. ఆ అరగంట పౌరసత్వం తీయగా ఉంటుంది. నాకు తెలిసి ఎంతోమంది దళిత, వెనుకబడిన కులాల చదువరులు అంతర్జాతీయ రాజకీయాలను అంత ఇష్టంగా చదవడానికి ఇదొక కారణం.

ఆ తీపికి నేను చెల్లించిన మూల్యం ఒకటి ఇక్కడ చెప్పాలి. కోనసీమలో మా ఊరి పేటలో మా మేనత్త ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆమె అక్కడ ఒక ఇంట్లో వంటమనిషి. పేటలో ఉన్న ఒకే ఒక్క రేడియో చుట్టూ మేమంతా మూగి, సద్దాం హుస్సేన్ పేరు వినబడితే ఊపిరి బిగబట్టేవాళ్లం. జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ఎయిరిండియా విమానాలు తీసుకొచ్చాయి. వారిలో ఆమె ఒకతె. రాజ్యం ఎవరి చేతిలో ఉంటే మనకేం అనుకోవడం ఎంత ప్రమాదమో ఆమెకు పుస్తకాలు నేర్పలేదు, ఎడారి నేర్పింది.

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి షెడ్యూల్డు కులాల మహిళకు కేటాయించారు. ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రాష్ట్రవ్యాప్తంగా రెండు వేలకు పైచిలుకు పంచాయతీలు ఆ ఏడాది ఏకగ్రీవమయ్యాయి. మా ఊళ్లో రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని, తమ తోటలో పాలేరుగా ఉన్న ఒకతని భార్య పేరు ఖాయం చేశారు. ఆమె మంచి మనిషే. కాని ఆమెను ఎన్నుకున్నది మా పేట కాదు. మేనత్త నామినేషన్ వేసింది. రెండు రోజుల్లో మా బాబాయి కౌలుకు చేస్తున్న ఎకరన్నర సంగతి ఎవరో ఎత్తారు. కొబ్బరి దింపు పనికి పేట కుర్రాళ్లను ఇక పిలవకపోవచ్చునని మరెవరో అన్నారు. ఎవరూ బెదిరించలేదు. అందరూ నవ్వుతూనే, మేలు కోరుతున్నట్టుగానే చెప్పారు.

ఉపసంహరించుకోమని ఆమెకు ఫోనులో చెప్పినవారిలో నేనూ ఉన్నాను. "ఊరితో మనకెందుకత్తా, అయిదేళ్లు ఓపిక పట్టు" అన్నాను. అంతకు నెల రోజుల ముందు, జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద ట్రంప్ అనుచరులు దాడి చేసినప్పుడు, ప్రజాస్వామ్యానికి ఓటమిని అంగీకరించే సంస్కారం ఎంత ముఖ్యమో నేను పొడవాటి వ్యాసం రాసి మిత్రులకు చదివి వినిపించాను. మేనత్త అంతా విని ఒక్క మాట అంది: "ఒరే అబ్బాయ్, కువైట్‌లో రాజు మారితే నా నెత్తి మీదకు వచ్చింది. ఇక్కడ సర్పంచి మారితే రాదంటావా?" మర్నాడు ఆమె కాగితం వెనక్కి తీసుకుంది. ఊరికి ప్రోత్సాహకం అర్హత వచ్చింది. ఆ వ్యాసాన్ని నేను మళ్లీ చదవలేదు.

ఏకగ్రీవాలన్నీ బలవంతపువేనని నేను అనడం లేదు. తగాదాలు వద్దనుకుని మనస్ఫూర్తిగా కుదుర్చుకున్న ఊళ్లూ ఉంటాయి. కాని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. పదవి జనరల్ అయినప్పుడు రెండు వర్గాలుగా చీలి లక్షలు ఖర్చుపెట్టే పెద్దలకు, అదే పదవి దళిత మహిళకు వచ్చిన ఏడాది మాత్రం ఊరి ఐక్యత ఎందుకంత ముఖ్యమవుతుంది? 73వ రాజ్యాంగ సవరణ కుర్చీని ఇచ్చింది. కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే అరుగు మాత్రం పాత చేతుల్లోనే ఉంది.

మూడో సమాధానం మన పత్రికలూ, చానళ్లూ, మనలాంటి వ్యాసకర్తలూ కలిసి తయారుచేసింది. అమెరికా ఎన్నికను మనం విధానాల భాషలో వివరిస్తాం: వలసలు, గర్భస్రావ హక్కు, ద్రవ్యోల్బణం, సుంకాలు. మన నియోజకవర్గాన్ని మాత్రం కులాల లెక్కలో వివరిస్తాం: కాపులు ఇన్ని వేలు, శెట్టిబలిజలు ఇన్ని వేలు, మాలలు ఇన్ని, మాదిగలు ఇన్ని. దూరదేశపు ఓటరు ఆలోచించే మనిషి, మన ఓటరు ఒక అంకె. తన గురించి తాను అంకెగా మాత్రమే వినే మనిషికి ఆ సంభాషణలో ఆసక్తి ఎలా పుడుతుంది? కులం ఓటును ప్రభావితం చేయదని కాదు. కాని కులం పేరుతో లెక్కలు వేసేవారు కులం వల్ల జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక ఉదాహరణ చెబుతాను. 2020 మార్చిలో రాష్ట్ర హైకోర్టు స్థానిక సంస్థల్లో 59.85 శాతం రిజర్వేషన్లను కొట్టివేసింది. దాంతో వెనుకబడిన తరగతుల వాటా 34 శాతం నుంచి సుమారు 24 శాతానికి పడిపోయింది. డెల్టాలో శెట్టిబలిజలకూ, అగ్నికుల క్షత్రియులకూ, చేనేత కులాలకూ ఇది ఎన్ని సర్పంచి పదవులను దూరం చేసిందో ఊహించవచ్చు. మరుసటి ఏడాది ఎన్నికలు ఆ తగ్గిన వాటాతోనే జరిగాయి. అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు ఆరుగురు ఒక వైపు, ముగ్గురు మరో వైపు ఉన్నారని చెప్పగలిగే మిత్రులలో ఈ తీర్పు సంగతి తెలిసినవారు నాకు తటస్థపడింది తక్కువ.

దూరపు అన్యాయాన్ని ఖండించడంలో ఒక సుఖం ఉంది. అందులో మన వాటా ఉండదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్‌ను పోలీసు అధికారి మోకాలితో తొక్కి చంపినప్పుడు నల్లజాతి ప్రాణాల విలువ గురించి డెల్టాలో అన్ని కులాల యువకులూ ఫోన్లలో రాసుకున్నారు. రెండు నెలలు తిరగకముందే సీతానగరం పోలీసు స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. అప్పుడు ఆ గొంతుల్లో చాలా వరకు వినబడలేదు. 2017లో గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదంతో దళితులను సాంఘికంగా వెలివేసినప్పుడూ, 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇల్లూ, శాసనసభ్యుడి ఇల్లూ తగలబెట్టినప్పుడూ ఇదే మౌనం. ఈ గడ్డకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1920ల తొలినాళ్లలో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కట్టి చెరసాలకు వెళ్లారు. అదే కాలంలో రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న నల్లదొరతనం సంగతేమిటని ఎదురుపాట కట్టారు. మొదటి పాట అందరికీ తెలుసు. రెండో పాట కట్టిన మనిషి పేరు ఆయన సొంత నగరంలోనే ఎందరికి తెలుసునని అడిగితే జవాబు సంతోషం కలిగించదు.

ఇంతా చెప్పి, విదేశాల వంక చూడవద్దని అంటానా? అనను. చూడకపోతే మాకు నష్టమే. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు సమర్పించిన విన్నపపత్రం ప్రతి కోరారు. అది కాలక్షేపం కోసం కాదు. తన ప్రజల విన్నపాన్ని ఎలా మలచాలో చూసుకోవడానికి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన అలాంటి బిల్లును అక్కడి గవర్నరు తిరస్కరించారు. ఈ రెండూ మనకు విదేశీ వార్తలా? మనం ఎగుమతి చేసిన సరుకు మీద అక్కడ జరిగిన చర్చ అది. అయితే గమనించండి, సియాటిల్‌లో ఆ పని చేసింది అధ్యక్షుడు కాదు, ఒక నగర మండలి. అంటే కార్పొరేటర్ల సభ. మనకు పన్నెండో తరగతి పిల్లవాడు కూడా పేరు చెప్పలేని, కొన్నిచోట్ల అసలు ఉనికిలోనే లేని సభ.

కాబట్టి అమెరికా సంగతులు చదువుదాం. చదివినదాన్ని ఇంటికి తెచ్చుకుందాం. పెన్సిల్వేనియాలో అడిగే ప్రశ్నలను పి.గన్నవరంలో అడుగుదాం: నీ విధానం ఏమిటి, ఎవరికి ఖర్చు, ఎవరికి లాభం? ఎన్నికలు జరగని నగరాల్లో పన్ను కట్టే ప్రతివాడూ, ఎప్పుడు జరుపుతారో రాతపూర్వకంగా అడగాలి. ఏకగ్రీవం అయిన ప్రతి రిజర్వుడు పంచాయతీలో ఆ నిర్ణయం ఏ అరుగు మీద జరిగిందో పత్రికలు రాయాలి. గ్రామసభలు కాగితం మీద కాక రచ్చబండ మీద జరగాలి. వెనుకబడిన తరగతుల వాటా మాటను ఆ కులాల వాళ్లే కాక తక్కినవాళ్లూ ఎత్తాలి. అన్నిటికన్నా ముందు, ఇంటిపేరు చూడకుండా మాట వినే అలవాటు కోటగుమ్మం బల్ల మీద మొదలు కావాలి.

మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట వినబడుతోంది. రిజర్వేషన్ మారితే మా ఊరి పదవి ఎవరికి వస్తుందో తెలియదు. అది జనరల్ అయినా సరే, నామినేషన్ వేస్తానంటోంది మేనత్త. ఆమెకు ఇప్పుడు అరవై దాటింది. ఈసారి ఆమెకు ఫోను చేయను. నామినేషన్ రోజున వెళ్లి పక్కన నిలబడతాను. బాబాయి కౌలు పోతే ఏం చేయాలన్నది కూడా ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం.